తైవాన్‌లో పాతకాలపు తీపి దుకాణానికి వెళ్ళేవారు తెలుసుకోవలసినవి

చదువు కోసమో, చిప్ పరిశ్రమలో ఉద్యోగం కోసమో తైవాన్ వెళ్ళిన తెలుగువారు బబుల్ టీ తాగుతారు, రాత్రి బజార్లు తిరుగుతారు, మామిడి ఐసు తింటారు. అదే వీధిలో డెబ్బై ఎనభై ఏళ్ళుగా నడుస్తున్న తీపి దుకాణం ఉన్నా, చాలామంది లోపలికి అడుగు పెట్టకుండానే సాగిపోతారు. బోర్డు మీద ఉన్నవన్నీ చైనా అక్షరాలే కావడం, గాజు అరల్లో కనిపించే పదార్థాలేమిటో తెలియకపోవడం, వాటిలో జంతువుల కొవ్వు కలిసి ఉంటుందేమోనన్న అనుమానం ఇందుకు కారణాలు. కొద్దిపాటి సన్నాహంతో ఇవన్నీ తీరిపోతాయి. ఆ సన్నాహం ఎలా చేసుకోవాలో, లోపలికి వెళ్ళాక ఏం అడగాలో, ముందుకొచ్చిన గిన్నెను ఎలా తినాలో ఇక్కడ వరుసగా వివరిస్తాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఈ దుకాణాల పనితనమంతా వెనక వంటగదిలో, గంటల తరబడి ఉడికే గింజల్లోనూ, రోజూ కొత్తగా కలిపే పిండిలోనూ ఉంటుంది. కనుక ఏ దుకాణానికి వెళ్ళినా అక్కడివారు తమ చేతులతో వండేదేమిటో కనుక్కుని దాన్నే అడగండి. కింది సూచనలన్నీ ఆ ఒక్క పని సవ్యంగా జరగడానికే.

దుకాణాన్ని నిర్ణయించుకోవడం

తైవాన్‌లో పాత తీపి దుకాణాలు గుడుల ముంగిళ్ళలోనూ, పాత కూరగాయల మార్కెట్ల పక్కనా ఎక్కువగా కనిపిస్తాయి. దర్శనానికో బేరానికో వచ్చినవారు కాసేపు కూర్చుని ఒక గిన్నె తిని పోయే అలవాటు మీదే ఈ వ్యాపారం నిలబడింది. తైపేలో మొదటిసారి వెళ్ళేవారికి నేను సూచించేది షువాంగ్‌లియన్ యువాన్ జై తాంగ్. 1951లో మొదలైన ఈ దుకాణం మిన్‌షెంగ్ పశ్చిమ రోడ్డు మీద, మెట్రో ఎర్ర లైనులోని షువాంగ్‌లియన్ స్టేషన్‌కు కొద్ది నిమిషాల నడక దూరంలో ఉంది. జిగురు బియ్యపు ఉండలు, వేడి మోచీ (పొడిలో దొర్లించిన జిగురు బియ్యపు ముద్ద), పల్లీ సూపు ఇక్కడ ప్రధానం. వాన్‌హ్వా ప్రాంతంలో, 1738లో కట్టిన లుంగ్‌షాన్ గుడి దగ్గర గ్వాంగ్‌జౌ వీధిలో ఉన్న లుంగ్‌దూ, ఎనిమిది రకాల పదార్థాలు కలిపి ఇచ్చే తురిమిన ఐసుకు పేరు పొందింది. దక్షిణాన తైనాన్ నగరంలోని ఆన్‌పింగ్‌కు వెళ్ళేవారు సోయా పాలతో చేసే దౌహ్వాను, ఉత్తరాన కొండ మీది జియూఫెన్‌కు వెళ్ళేవారు చామదుంప ఉండలను, కీలుంగ్ ఓడరేవులో గుడి వీధికి వెళ్ళేవారు బాగా చిలికి ఇచ్చే పావ్‌పావ్ ఐసును వెతుక్కోవాలి. జియూఫెన్ గురించి ఒక హెచ్చరిక: అక్కడ ఆ గిన్నె అందుకోవాలంటే చాలా మెట్లు ఎక్కవలసి ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారిని వెంటబెట్టుకుని వెళ్తుంటే తైపే దుకాణాలే మేలు.

దుకాణం నిజంగా ఎంత పాతదో బోర్డు మీదే చూసుకోవచ్చు. తైవాన్‌లో సంవత్సరాలను 1912 మొదలుకొని లెక్కించే పద్ధతి ఉంది. గోడ మీద ‘మిన్‌గువో 40’ అని రాసి ఉంటే దానికి 1911 కలపండి, 1951 వస్తుంది. 1895 నుంచి 1945 వరకు జపాన్ పాలన సాగింది కనుక మరీ పాత దుకాణాలు కొన్ని జపాన్ చక్రవర్తుల కాలమానంలో తమ పుట్టుకను రాసుకుంటాయి. ‘తైషో’ సంవత్సరానికీ 1911నే కలపాలి. ‘షోవా’ అయితే 1925 కలపాలి. ‘పాతకాలపు రుచి’ అన్న మాట మాత్రం నిన్నగాక మొన్న తెరిచిన దుకాణాల బోర్డుల మీదా కనిపిస్తుంది కాబట్టి దాన్ని నమ్ముకుని వెళ్ళవద్దు. స్థాపించిన సంవత్సరం, దానితోపాటు ఒకటో రెండో పదార్థాలకే పరిమితమైన పేరు, ఈ రెండూ ఉన్న చోటు నా దృష్టిలో నమ్మదగినది.

పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో చోట ఒక్కో విధంగా రాస్తారు. అందుకని చైనా అక్షరాల్లో ఉన్న పేరునూ చిరునామానూ ముందే ఫోన్‌లో కాపీ చేసి పెట్టుకోండి. దారి తప్పితే ఆ తెరను ఎవరికి చూపించినా చేయి పట్టుకుని తీసుకెళ్ళినంత ఆదరంగా దారి చెబుతారు.

కాలమూ వేళా

మే నుంచి సెప్టెంబరు వరకు తైవాన్‌లో ఎండా ఉక్కపోతా ఎక్కువ కనుక అప్పుడు ఐసు, ఆయ్‌యూ అనే పండు గింజల జెల్లీ, చల్లని దౌహ్వా తినాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు తైపేలో చలిగాలితోపాటు సన్నని తుంపర కురుస్తూ ఉంటుంది. అల్లం పాకం పోసిన వేడి దౌహ్వా, పల్లీ సూపు, వేడి మోచీ తినడానికి అంతకు మించిన సమయం లేదు. చాలామంది యాత్రికులు ఈ దుకాణాలను ఎండాకాలపు విడుదులుగానే చూస్తారు గానీ, నన్నడిగితే చలికాలపు గిన్నెలోనే వీటి అసలు పనితనం బయటపడుతుంది. ఐసు కింద రుచి సగం అణగిపోతుంది. వేడి సూపులో గింజ సరిగా ఉడకకపోతే దాచుకోవడానికి చోటుండదు.

డిసెంబరు 21 లేదా 22న వచ్చే శీతాకాలపు అయనాంతం నాడు తైవాన్ కుటుంబాలు ఎరుపు, తెలుపు రంగుల జిగురు బియ్యపు ఉండలు తింటాయి. అవి తింటే ఒక ఏడు వయసు పెరిగినట్టేనని పెద్దలు అంటారు. ఆ రోజు ఉండలకు పేరున్న దుకాణాల ముందు పెద్ద వరుసలు ఉంటాయి. పండుగ సందడి చూడాలనుకుంటే ఆ రోజే వెళ్ళండి; ప్రశాంతంగా తినాలనుకుంటే మాత్రం మానుకోండి. చాంద్రమాన కొత్త సంవత్సరం సెలవుల్లోనూ, తుపాను సెలవు ప్రకటించిన రోజుల్లోనూ చాలా దుకాణాలు మూసి ఉంటాయి. వారపు సెలవును ‘గోంగ్ శ్యూ’ అంటారు. అది ఏ రోజో ఒక్కో దుకాణానికి ఒక్కో విధంగా ఉంటుంది కనుక బయలుదేరే రోజు ఉదయం ఫోన్‌లో సరిచూసుకోండి. పని రోజుల్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు రద్దీ తక్కువ. రాత్రి భోజనాలయ్యాక, ముఖ్యంగా శనివారం, ఆదివారం బల్ల దొరకడం కష్టం. దౌహ్వా దుకాణాలు కొన్ని ఆ రోజు చేసినది అయిపోగానే తలుపులు వేసేస్తాయి. వాటికి సాయంత్రం దాకా ఆగవద్దు.

డబ్బు

పాత దుకాణాల్లో నగదే ఇవ్వాలనుకుని వెళ్ళండి. ఒక గిన్నె ధర చాలాచోట్ల 50 నుంచి 120 తైవాన్ డాలర్ల మధ్య ఉంటుంది. వంద డాలర్ల నోట్లు, పది, యాభై డాలర్ల నాణేలు దగ్గర ఉంచుకోవడం మంచిది. అక్కడి బ్యాంకుల్లో మన రూపాయలు మార్చుకోవడం కుదరదనే అనుకోవాలి కనుక అమెరికా డాలర్లు తీసుకెళ్ళండి. టిప్పు ఇచ్చే ఆచారం లేదు.

గాజు అరల్లో ఉన్నవేమిటి?

ఈ భాగాన్ని కాస్త నిదానంగా చదవండి. అడగవలసినది తెలియాలంటే ముందు చూస్తున్నది తెలియాలి.

దౌహ్వా సోయా పాలను జిప్సమ్‌తోనూ కొద్దిపాటి పిండితోనూ గడ్డకట్టించి చేసేది. నోట్లో వేసుకుంటే మన జున్ను కన్నా మెత్తగా, నమలవలసిన అవసరం లేకుండా జారిపోతుంది. మంచి దుకాణంలో దాన్ని తీసే తీరు గమనించండి. పెద్ద కుండలోంచి, దాదాపు బల్లపరుపుగా ఉండే వెడల్పాటి గరిటెతో పలుచని పొరలుగా తీసి, ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. గరిటెను లోతుగా దింపితే గడ్డ పగిలి నీరు ఊరుతుంది, పాకం పలచబడుతుంది. పొరలు విరగకుండా గిన్నెలోకి చేరి, వాటి మధ్యకు పాకం దిగితేనే దౌహ్వాకు రుచి. దాని మీద ఉడికించిన పల్లీలో, పెసలో, కర్రపెండలం పిండితో చేసిన గుండ్రని ముత్యాలో వేస్తారు.

పల్లీ సూపు చూడడానికి సాదాగా, పాల రంగులో ఉంటుంది. పొట్టు తీసిన పల్లీలను గంటల తరబడి చిన్న మంట మీద ఉడికిస్తారు. పలుకు ఆకారం చెదరకూడదు, కానీ నాలుకతో అంగిలికి నొక్కగానే వెన్నలా కరిగిపోవాలి. వేయించిన పల్లీల రుచికి అలవాటుపడిన మనకు ఇది పూర్తిగా కొత్త అనుభవం. నేనైతే కొత్త దుకాణాన్ని ముందుగా ఈ గిన్నెతోనే పరీక్షిస్తాను.

అజుకీ అనే చిన్న ఎర్ర గింజలకు పింగ్‌తుంగ్ జిల్లాలోని వాన్‌దాన్, చామదుంపలకు తైచుంగ్‌లోని దాజియా, తామర గింజలకు తైనాన్‌లోని బైహె పేరు మోసిన ఊళ్ళు. దుకాణం గోడ మీద ఈ ఊళ్ళ పేర్లు కనిపిస్తే సరుకు ఎక్కడినుంచి తెస్తున్నారో వారు సగర్వంగా చెప్పుకుంటున్నారన్న మాట. చామదుంపను మనం వేపుడుకో పులుసుకో వాడతాం; అక్కడ దాన్ని పంచదార పాకంలో ముక్కలుగా ఉడికిస్తారు, లేదా మెదిపి చిలగడదుంప పిండితో కలిపి ‘యూ యువాన్’ అనే చిన్న ఉండలుగా కోస్తారు. చామదుంపవి లేత ఊదా రంగులోనూ, చిలగడదుంపవి పసుపు, నారింజ రంగుల్లోనూ ఉంటాయి. రంగు మరీ ముదురుగా ఉంటే దుంప కన్నా రంగే ఎక్కువ పడిందేమోనని నాకు అనుమానం కలుగుతుంది.

నల్లని జెల్లీ పేరు శియన్ త్సావ్. దాన్ని చేసే మొక్క మన తులసి కుటుంబానికే చెందినది. ఎండబెట్టిన కాడలను, ఆకులను చాలాసేపు మరిగించి, వడగట్టి, పిండి కలిపి చిక్కబరుస్తారు. కొద్దిగా చేదు, మూలికల వాసన ఉంటాయి. చలికాలంలో దీన్ని వేడిగా, జారుడుగా ఇస్తారు; చల్లారిన కొద్దీ గిన్నెలోనే గడ్డకట్టుకుపోతుంది కాబట్టి దాన్ని ముందు పెట్టుకుని కబుర్లలో పడవద్దు.

లేత పసుపు రంగులో పారదర్శకంగా మెరిసేది ఆయ్‌యూ. తైవాన్ కొండల్లో పెరిగే ఒక అత్తి జాతి తీగ పండు గింజలను గుడ్డ సంచిలో కట్టి, చల్లని నీటిలో చేతులతో పిసుకుతారు. గింజల పైపొరలోని పెక్టిన్ నీటిలోని ఖనిజాలతో కలిసి, పొయ్యి అవసరం లేకుండానే గడ్డకడుతుంది. అందువల్ల ఖనిజాలు పూర్తిగా తీసేసిన శుద్ధజలంతో ఇది కుదరదు. నిలవ ఉంచితే నీరు వదిలి చిక్కిపోతుంది కనుక ఏ రోజుది ఆ రోజే తినాలి. నిమ్మరసం, పాకం కలిపి ఇస్తారు. ఎండలో తిరిగి వచ్చినవారికి ఇదే ఇప్పించండి.

శాకాహారులకు

ఈ దుకాణాల్లో చాలా పదార్థాలు గింజలు, దుంపలు, పిండి, పంచదారతోనే తయారవుతాయి. దౌహ్వా, ఆయ్‌యూ, శియన్ త్సావ్, ఉడికిన గింజలు, చామదుంప ఉండలు సాధారణంగా శాకాహారమే. ఐసు మీద పోసే తీపి పాలు వద్దంటే పాలు కూడా తగలవు. జాగ్రత్త పడవలసినవి మూడు. నల్ల నువ్వులు కూరిన ఉండలలోనూ, మెదిపిన చామదుంప ముద్దలోనూ పంది కొవ్వు కలిపే సంప్రదాయం ఉంది. పుడ్డింగులో గుడ్డు గానీ జెలటిన్ గానీ ఉండవచ్చు. వేడి మోచీ వంటి వాటికి ఏ నూనె వాడతారో అడిగి తెలుసుకోవాలి. ‘యౌ జూ యౌ మా’ అంటే ‘పంది కొవ్వు ఉందా’ అని అర్థం; ‘వో ఛి సూ’ అంటే ‘నేను శాకాహారిని’ అని. తైవాన్‌లో బౌద్ధ సంప్రదాయం వల్ల శాకాహారం అందరికీ తెలిసిన విషయమే, చాంద్రమాన నెలలో ఒకటో తేదీన, పదిహేనో తేదీన మాంసం ముట్టనివారూ ఎందరో ఉన్నారు. కాబట్టి అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఉచ్చారణ మీద నమ్మకం లేకపోతే ఆ ప్రశ్నను ఫోన్‌లో చైనా లిపిలో రాసి చూపించండి.

పల్లీలు, నువ్వులు పడనివారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఈ రెంటి పొడులూ అదే బల్ల మీద, అవే గరిటెలతో వాడతారు. ‘బూ యావ్ హ్వా షెంగ్’, అంటే ‘పల్లీలు వద్దు’ అని చెప్పినా పొడి తగిలే ప్రమాదం పూర్తిగా పోదు. తీవ్రమైన అలర్జీ ఉంటే ఈ దుకాణాలను వదులుకోవడమే సరైనది.

లోపలికి వెళ్ళి అడగడం

గుమ్మం దగ్గర ఒక్క నిమిషం నిలబడి, ముందు వచ్చినవారు ఏం చేస్తున్నారో చూడండి. కొన్నిచోట్ల ముందు బల్ల వెతుక్కుని, దాని సంఖ్యను కాగితం మీద రాసి, కావలసిన వాటి ఎదురుగా గీతలు పెట్టి కౌంటర్‌లో ఇవ్వాలి. కొన్నిచోట్ల గాజు అరల ముందే వరుసలో నిలబడి చెప్పాలి. డబ్బు ముందే తీసుకునేవారూ ఉన్నారు, తిన్నాక తీసుకునేవారూ ఉన్నారు. కాగితాన్ని ఫోన్ కెమెరాతో అనువదించుకోవచ్చు గానీ వంటకాల పేర్ల దగ్గర అనువాదం తరచుగా తప్పుతుంది. వేలితో చూపించి అడగడమే నమ్మకమైన మార్గం.

యజమానిని ‘లావ్ బాన్’ అని, యజమానురాలిని ‘లావ్ బాన్ న్యాంగ్’ అని పిలవండి. ఇక్కడే తింటామంటే ‘నేయ్ యోంగ్’, కట్టి ఇమ్మంటే ‘వాయ్ దాయ్’. వేడిది కావాలంటే ‘రె దె’, చల్లనిది కావాలంటే ‘బింగ్ దె’. వీటన్నిటికన్నా ఉపయోగపడే మాట ‘జావ్ పాయ్’. ఆ దుకాణానికి పేరు తెచ్చిన పదార్థం ఏదో చెప్పమని దాని భావం. వరుస మరీ పొడవుగా లేనప్పుడు ఆ ప్రశ్న అడిగితే, చాలామంది యజమానులు నవ్వుతూ ఒకదాన్ని చూపిస్తారు. అదే తీసుకోండి.

ఐసు గానీ దౌహ్వా గానీ తీసుకునేటప్పుడు మూడు నాలుగు పదార్థాలు మీరే ఎంచుకోమంటారు. అన్నీ ఒకేసారి రుచి చూడాలన్న కోరిక సహజమే అయినా రెండు మూడింటితో ఆగండి. మెత్తగా ఉడికిన గింజ ఒకటి, నమిలే ఉండ ఒకటి, చాలు. ఎనిమిది రకాలు కలిపితే పాకమే మిగులుతుంది, ఏ గింజ ఎలా ఉడికిందో నాలుకకు అందదు. లుంగ్‌దూ వంటి చోట ఎనిమిది రకాల ఐసే ఆ దుకాణం ప్రత్యేకత కనుక అక్కడ ఈ సలహాను పక్కన పెట్టవచ్చు.

బల్లలు తక్కువగా ఉండే దుకాణాల్లో మనిషికి ఒక గిన్నె తీసుకోవాలన్న నియమం ఉంటుంది. ఇద్దరు వెళ్తే ఒకరు వేడిది, మరొకరు చల్లనిది తీసుకుని పంచుకోవడం మంచి పద్ధతి. ముక్కూముఖం తెలియనివారితో బల్ల పంచుకోవలసి వస్తే అది అక్కడ మామూలే. చిన్నగా తల వంచి కూర్చోండి.

తినే తీరు

షువాంగ్‌లియన్ దుకాణంలో వేడి మోచీ తప్పక అడగండి. జిగురు బియ్యపు ముద్దను వేడివేడిగా పల్లీ పొడిలోనూ, నల్ల నువ్వుల పొడిలోనూ దొర్లించి ఇస్తారు. వచ్చిన వెంటనే తినడం మొదలుపెట్టాలి. వేడి తగ్గేకొద్దీ ముద్ద బిగుసుకుపోతుంది, లోపలి మెత్తదనం పోతుంది. చిన్న ముక్కలుగా తుంచుకుని, పొడి బాగా అద్దుకుని, బాగా నమిలి మింగండి. నోట్లో పొడి ఉండగా మాట్లాడితే, నవ్వితే పొలమారుతుంది. మరీ ముఖ్యంగా, చిన్నపిల్లలకూ వృద్ధులకూ ఇచ్చేటప్పుడు గోరంత ముక్కలు చేసి ఇవ్వండి. జిగురు ముద్ద గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది.

దౌహ్వాను కలపకూడదు. చెంచాను పక్క నుంచి దింపి, పొరా పాకమూ కలిసి వచ్చేలా తీసుకోండి. తురిమిన ఐసులో పదార్థాలు కొన్నిచోట్ల అడుగున దాగి ఉంటాయి, పాకమూ కిందికి దిగి ఉంటుంది. అంచు నుంచి మొదలుపెట్టి, అడుగు దాకా చెంచా దింపి పైకి తెచ్చుకుంటూ తినండి.

తీపి మీకు తక్కువనిపించవచ్చు. మన మిఠాయిల గాఢమైన తీపితో వెళ్ళిన నాలుకకు మొదటి నాలుగు చెంచాలు చప్పగా తోచినా, పంచదార అదనంగా అడగకుండా ఓపిక పట్టండి. సగం గిన్నె అయ్యేసరికి గింజల సహజమైన తీపి, దుంప సువాసన తెలియడం మొదలవుతుంది. ‘మరీ తీపిగా లేదు’ అనడం తైవాన్‌లో వంటవారికి ఇచ్చే పెద్ద మెచ్చుకోలు.

లేచే ముందు

చుట్టూ ఉన్నవారు గిన్నెలను తామే తీసుకెళ్ళి పెడుతున్నారేమో చూసి, అలాగే చేయండి. వేరుగా తొట్లు ఉంటే మిగిలిన ఆహారాన్ని, కాగితాన్ని, ప్లాస్టిక్‌ను విడివిడిగా వేయాలి. బయట వరుస ఉంటే ఖాళీ గిన్నె ముందు కూర్చుని ఉండవద్దు. వెళ్తూ ‘షియె షియె’ అనండి. పెద్ద వయసు యజమానులున్న చోట తైవానీ భాషలో ‘తో సియా’ అంటే వారి ముఖం విప్పారుతుంది.

ఇంటికి కట్టించుకుంటే ఐసు వద్దు. దౌహ్వా, పల్లీ సూపు బాగానే ప్రయాణం చేస్తాయి; పాకాన్ని వేరుగా కట్టి ఇమ్మని అడగండి. మోచీని ఆ పూటే తినేయాలి, ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడిపోతుంది. తైపే మెట్రోలో తినడం, తాగడం నిషేధం. 1,500 నుంచి 7,500 తైవాన్ డాలర్ల వరకు జరిమానా విధిస్తారు. సంచి మూత బిగించుకుని, బస చేరేదాకా తెరవకండి.